పాత టూరింగ్ బండికి ఏ బ్యాటరీ?

మోటార్‌సైకిల్ బ్యాటరీల్లో వైటీఎక్స్14-బీఎస్ అని ఒకటి ఉంది. వైబీ14ఎల్-ఏ2 అని ఇంకొకటి ఉంది. రెండింటి పేరులోనూ 14 ఉంది, రెండూ 12 వోల్టులవే. కానీ నిల్వలో మొదటిది 12 ఆంపియర్ అవర్లది, రెండోది 14. మొదటిది 150 మిల్లీమీటర్ల పొడవు, 145 ఎత్తు. రెండోది 134 పొడవు, 166 ఎత్తు. టెర్మినళ్లు మన వైపు ఉండేలా పెట్టి చూస్తే మొదటిదానికి ప్లస్ ఎడమవైపు, రెండోదానికి కుడివైపు. అంకె చూసి ఒకదాని బదులు ఇంకొకటి తెస్తే అది బ్యాటరీ పెట్టెలో పట్టదు. ఎలాగో కుక్కినా వైరు అందదు. దూరప్రయాణాల కోసం చేసిన పాత టూరింగ్ బండికి బ్యాటరీ మార్చడం పది నిమిషాల పని అనుకునేవాళ్లకు మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది.

అయితే కొలతలు కుదిరే బ్యాటరీ దొరకడం అంత కష్టమేమీ కాదు, కోడ్ పట్టుకుని వెతికితే దొరుకుతుంది. అసలు చిక్కు వేరే ఉంది. బండి కొత్తగా తయారైనప్పుడు ఇంజినీర్లు ఒక లెక్క వేసుకున్నారు. ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఇంత ఇస్తుంది, లైట్లు, ఇగ్నిషన్ ఇంత తింటాయి, సెల్ఫ్ మోటారుకు ఇంత కావాలి, కాబట్టి ఇంత బ్యాటరీ చాలు అని. పాతికేళ్లు గడిచాక ఆ లెక్కలో సగం మారిపోయి ఉంటుంది. హ్యాండిల్‌కి వేడెక్కే గ్రిప్పులు వచ్చాయి, ఫోన్ ఛార్జర్ వచ్చింది, అలారం వచ్చింది. కనెక్టర్లు నల్లబడ్డాయి. ఒకప్పుడు వారమంతా తిరిగిన బండి ఇప్పుడు నెలకోసారి కవరు తీసుకుని బయటికొస్తోంది.

కాబట్టి ఏ బ్యాటరీ మంచిదనే ప్రశ్నకు జవాబు బ్యాటరీలో కన్నా బండిలోనే ఎక్కువ ఉంటుంది. నడిచేటప్పుడు ఎంత వోల్టేజి అందుతోంది, ఆపి పెట్టినప్పుడు ఎంత కరెంటు కారిపోతోంది, ఎన్నాళ్లకోసారి బండి తీస్తారు అనే మూడు సంగతులు తెలిస్తే ఎంపిక దాదాపు దానంతట అదే తేలిపోతుంది. మొదటి రెండూ తెలుసుకోవడానికి కావలసింది వోల్టేజి, కరెంటు కొలిచే ఒక మామూలు మల్టీమీటర్.

పాతది నిజంగా పోయిందా?

సెల్ఫ్ నొక్కితే టక్ మని ఊరుకుంటే చాలామంది ముందుగా బ్యాటరీనే అనుమానిస్తారు. చాలాసార్లు అది నిజమే. కానీ కొత్త బ్యాటరీ పెట్టాక కూడా అదే టక్ వినిపించిన సందర్భాలకూ కొదవ లేదు.

ముందు పాతదాన్ని పూర్తిగా ఛార్జ్ చేసి, తీగలు తీసేసి, ఒక రాత్రంతా ఊరికే వదిలేయాలి. పొద్దున్నే మీటర్ పెడితే, నీళ్లు పోసే పాత రకమైతే 12.6 వోల్టులు, సీల్డ్ ఏజీఎం (యాసిడ్ గాజుపీచు చాపలో ఇంకి ఉండే రకం) అయితే 12.8 దాకా ఉండాలి. 12.4 ఉంటే ముప్పావు వంతు నిండినట్టు. 12 దగ్గర ఉంటే ఖాళీ అయినట్టే. 10.5 దగ్గర ఆగిపోయి ఎంత ఛార్జ్ పెట్టినా పైకి రావడం లేదంటే ఇక ఆశ వదులుకోవచ్చు. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులుంటాయి, నిండుగా ఉన్నప్పుడు ఒక్కో గది 2.1 వోల్టులు ఇస్తుంది. ఒక గది చచ్చిపోతే మిగిలిన ఐదూ కలిసి ఇచ్చేది సరిగ్గా 10.5.

తర్వాతి పరీక్ష సెల్ఫ్ నొక్కుతూ చేయాలి. ఇంజిన్ తిరుగుతున్న ఆ రెండు మూడు సెకన్లలో బ్యాటరీ దగ్గర వోల్టేజి 9.6 కన్నా కిందికి జారకూడదు. జారితే బ్యాటరీ బలహీనమైనట్టు. జారకుండా 12 దగ్గరే నిలబడి, సెల్ఫ్ మాత్రం కదలకపోతే బ్యాటరీ తప్పేమీ లేదు, కరెంటు మోటారు దాకా వెళ్లడం లేదు. మోటారుకు కరెంటు వదిలే రిలే, బ్యాటరీ మైనస్‌ను ఇంజిన్‌కి కలిపే ఎర్త్ వైరు, మోటారు బ్రష్‌లు చూసుకోవాలి.

ఎర్త్ వైరు సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే పాత బండ్లలో ఎక్కువగా మోసం చేసేది అదే. మీటర్ నల్ల పిన్నును బ్యాటరీ మైనస్ సీసపు దిమ్మకే ఆనించాలి, దాని మీది బోల్టుకు కాదు. ఎర్ర పిన్నును ఇంజిన్ కేసు మీద రంగు లేని చోట గట్టిగా నొక్కిపెట్టాలి. ఇప్పుడు సెల్ఫ్ నొక్కితే మీటర్ 0.2, 0.3 వోల్టులు చూపిస్తే బాగున్నట్టు. ఒక వోల్టు చూపిస్తోందంటే ఆ వోల్టును దారిలోనే తీగ, బోల్టు, తుప్పు కలిసి తినేస్తున్నాయి. పెద్ద ఇంజిన్‌ని తిప్పే సెల్ఫ్ మోటారు 100 నుంచి 200 ఆంపియర్ల దాకా లాగుతుంది. 150 ఆంపియర్ల దగ్గర ఒక వోల్టు పోయిందంటే 150 వాట్లు ఆ తుప్పుపట్టిన బోల్టు దగ్గరే వేడిగా మారిపోయాయన్న మాట. అక్కడ కావలసింది కాస్త ఉప్పుకాగితం, ఒక స్పానర్. బ్యాటరీ కొన్నా అక్కడ పోయే వోల్టు పోతూనే ఉంటుంది.

ఇంజిన్ స్టార్ట్ అయ్యాక హెడ్‌లైట్ వేసి, ఆక్సిలరేటర్ 3000, 4000 ఆర్‌పీఎం దగ్గర ఆపి మళ్లీ మీటర్ చూడాలి. 13.5కీ 14.5కీ మధ్య ఉంటే ఛార్జింగ్ సరిగ్గానే ఉంది. 15 దాటితే వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయినట్టు. అది మార్చకుండా కొత్త బ్యాటరీ పెట్టడమంటే దాన్ని పొయ్యి మీద పెట్టడమే. 13 దాటడం లేదంటే స్టేటర్ (ఆల్టర్నేటర్‌లో కదలని తీగచుట్టలు), దాని కరెంటును డీసీగా మార్చే రెక్టిఫయర్, వాటి మధ్య ప్లగ్గు వరసగా చూడాలి. హోండా జీఎల్1100, జీఎల్1200 గోల్డ్ వింగ్‌లలో స్టేటర్ నుంచి వచ్చే మూడు పసుపు తీగల ప్లగ్గు వేడికి కరిగి నల్లబడడం బాగా తెలిసిన జబ్బు. చాలామంది ఆ ప్లగ్గునే కోసేసి తీగలు టంకం వేసి కలిపేస్తారు. స్టేటరే పోతే మాత్రం ఆ బండ్లలో ఇంజిన్ మొత్తం ఫ్రేమ్ లోంచి దించాలి. అలాంటి బండికి బ్యాటరీ కొనే ముందు ఆ ప్లగ్గు ఒకసారి విప్పి చూడడం అయిదు నిమిషాల పని.

పాత బీఎండబ్ల్యూ ఆర్ సిరీస్ బండ్లలో ఇంకో విచిత్రం ఉంది. మీటర్ బోర్డు మీద ఎర్రగా వెలిగే ఛార్జింగ్ బల్బు వాటిలో అలంకారానికి పెట్టింది కాదు. ఆల్టర్నేటర్‌లో తిరిగే భాగమైన రోటార్‌కి మొదటి కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. బల్బు మాడిపోతే రోటార్‌కి అయస్కాంత బలం రాదు, ఛార్జింగ్ మొదలవదు. ఎర్ర లైటు వెలగడం లేదు కదా, అంతా బాగానే ఉంది అనుకుంటూ వందల కిలోమీటర్లు పోయి, చివరికి బ్యాటరీని తిట్టుకుంటారు. కీ తిప్పగానే ఆ బల్బు వెలగాలి. వెలగకపోతే ముందు దాన్ని మార్చాలి.

ఆపి పెట్టిన బండి తినే కరెంటు

కీ తీసేసినా గడియారం, అలారం, ట్రాకర్, రేడియో మెమరీ కొంచెం కొంచెం కరెంటు తాగుతూనే ఉంటాయి. దీన్ని కొలవాలంటే మైనస్ తీగ విప్పి, మీటర్‌ను మిల్లీఆంపియర్ల మీద పెట్టి, ఆ తీగకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్యలో కలపాలి. ఆ సమయంలో కీ తిప్పకూడదు, సెల్ఫ్ అసలే నొక్కకూడదు, మీటర్ లోపలి ఫ్యూజు పోతుంది.

10 మిల్లీఆంపియర్లు వస్తే అంతేనా అనిపిస్తుంది. లెక్క వేస్తే అసలు సంగతి తెలుస్తుంది. నెలకు 720 గంటలు. 10 మిల్లీఆంపియర్ల చొప్పున నెలకు 7.2 ఆంపియర్ అవర్లు పోతాయి. 18 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో అది 40 శాతం. దీనికి తోడు బ్యాటరీ తనంతట తానే కొంత కోల్పోతుంది. ఏజీఎం అయితే నెలకు రెండు మూడు శాతం. సీసంలో యాంటిమొనీ కలిపిన పాతకాలపు నీళ్ల బ్యాటరీ అయితే వేడి వాతావరణంలో రోజుకు దాదాపు ఒక శాతం. నెలన్నర కదలని బండి స్టార్ట్ కాకపోతే అందులో వింతేమీ లేదు.

సీసపు బ్యాటరీ ఖాళీగా పడి ఉండడమే దానికి అసలు చావు. కరెంటు ఇచ్చేటప్పుడు రెండు రకాల ప్లేట్ల మీదా లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది, ఛార్జ్ పెట్టగానే మళ్లీ కరిగిపోతుంది. వారాల తరబడి ఛార్జ్ అందకపోతే ఆ పొర గట్టి స్ఫటికాలుగా బిగుసుకుపోతుంది. తర్వాత ఎంత ఛార్జ్ పెట్టినా అది పూర్తిగా కరగదు. అంత మేర ప్లేటు పనికిరాకుండా పోయినట్టే. రోజూ నడిచే బండిలో బ్యాటరీ ఐదారేళ్లు బతికి, షెడ్డులో ముద్దుగా కవరు కప్పుకుని ఉన్న బండిలో రెండేళ్లకే పోవడానికి కారణం ఇదే.

రకాలు

సీసపు బ్యాటరీని గాస్టన్ ప్లాంటే 1859లో తయారుచేశాడు. లోపలి రసాయన చర్య ఇప్పటికీ అదే. మారింది యాసిడ్‌ను ఎక్కడ, ఎలా నిలిపి ఉంచాలన్నదే.

పాత టూరింగ్ బండ్లు చాలావాటికి కంపెనీ ఇచ్చింది నీళ్లు పోసే రకం. తెల్లటి డబ్బా, పక్కన గీతలు, పైన ఆరు మూతలు, ఒక పక్క నుంచి కిందికి జారే సన్నటి గొట్టం. ఈ రకానికి చెడ్డపేరు ఎక్కువైపోయింది గానీ ఇది మరీ తీసిపారేయాల్సింది కాదు. ఛార్జింగ్ కాస్త ఎక్కువైనా నీళ్లు ఆవిరై ఊరుకుంటుంది, డిస్టిల్డ్ వాటర్ పోస్తే మళ్లీ కోలుకుంటుంది. దానికి కావలసింది ఓపిక ఉన్న యజమాని. నీటి మట్టం చూడాలి, గొట్టం నలగకుండా చూసుకోవాలి. ఆ గొట్టం సీటు కింద ఎక్కడో నొక్కుకుపోయినా, పొట్టిదైపోయి మధ్యలోనే ఆగిపోయినా యాసిడ్ తుంపర ఫ్రేము మీద, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగార్మ్ మీద పడుతుంది. రంగు పొక్కిపోయిన పాత బ్యాటరీ పెట్టెలన్నీ చెప్పేది ఆ గొట్టం కథే.

ఏజీఎంలో యాసిడ్ పారదు. ప్లేట్ల మధ్య దూదిలాంటి సన్నటి గాజుపీచు చాప ఉంటుంది, యాసిడ్ దానిలో ఇంకిపోయి ఉంటుంది. ఛార్జింగ్‌లో పుట్టే వాయువులు బయటికి పోకుండా లోపలే కలిసి నీరైపోతాయి. ప్లేట్లు చాపల మధ్య బిగించి ఉంటాయి కాబట్టి గతుకుల దెబ్బకు వాటి మీది పొడి అంత తొందరగా రాలదు. లోపలి నిరోధం తక్కువ, అందుకే అదే సైజులో సెల్ఫ్‌కి ఎక్కువ ఊపు ఇస్తుంది. నెలల తరబడి ఆగే బండికి నీళ్ల రకం కన్నా ఇదే మేలు. దీని బలహీనత ఒకటే, ఛార్జింగ్ ఎక్కువైతే కోలుకోదు. కవాటం తెరుచుకుని పోయిన నీటిని మళ్లీ పోసే దారి లేదు. రెగ్యులేటర్ సరిగ్గా ఉన్నంతవరకు పాత బండ్లలో ఎక్కువ వాటికి ఇదే సరైన జవాబు.

ఇక్కడ రెండో వైపు సమస్య కూడా ఉంది. కొన్ని పాత రెగ్యులేటర్లు 13.8 దగ్గరే ఆగిపోతాయి. నీళ్ల బ్యాటరీకి అది చాలు. ఏజీఎం నిండుగా ఛార్జ్ అవ్వాలంటే 14 దాటితే బాగుంటుంది. 13.8 ఇచ్చే బండికి ఏజీఎం పెడితే అది పాడైపోదు గానీ ఎప్పుడూ కొంచెం ఆకలితోనే ఉంటుంది. నెలకోసారి బయటి ఛార్జర్‌తో నింపడమో, కాస్త ఎక్కువ వోల్టేజి ఇచ్చే రెగ్యులేటర్ వేయడమో చేస్తే సరిపోతుంది.

జెల్ బ్యాటరీలో యాసిడ్ సిలికాతో కలిసి ముద్దలా ఉంటుంది. దానికి ఛార్జింగ్ వోల్టేజి కాస్త తక్కువే ఉండాలి. ప్రత్యేకించి జెల్లే పెట్టమని బండి మాన్యువల్ చెబితే తప్ప దాని జోలికి పోనక్కర్లేదు. ఏజీఎంనే జెల్ అని పిలిచి అమ్మేవాళ్లు ఉన్నారు కాబట్టి పేరు కాదు, లేబుల్ మీద రాసిన ఛార్జింగ్ వోల్టేజి చదవాలి.

లిథియం మోజు

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పదార్థం గురించి జాన్ గుడెనఫ్ బృందం 1997లో ప్రచురించింది. ఇప్పుడు మోటార్‌సైకిళ్లకు దొరికే లిథియం బ్యాటరీలు ఎక్కువగా ఆ రకమే. ఫోన్లలో వాడే లిథియం రకాల కన్నా ఇది వేడికి తట్టుకుంటుంది. బరువు సీసపుదానిలో మూడో వంతు, ఒక్కోసారి ఇంకా తక్కువ. ఊరికే పడి ఉన్నా తనంతట తాను కోల్పోయేది చాలా తక్కువ. చేతిలోకి తీసుకుంటే ఖాళీ డబ్బా అనిపిస్తుంది. మోజు పుట్టేది అక్కడే.

రేసు బండికి నాలుగైదు కిలోలు తగ్గడం గొప్ప సంగతే. 350 కిలోలు దాటిన గోల్డ్ వింగ్ జీఎల్1500కి, దాని మీద ఇద్దరు మనుషులు, మూడు పెట్టెల సామాను ఎక్కాక ఆ నాలుగు కిలోల సంగతి ఎవరికి తెలుస్తుంది? టూరింగ్ బండికి లిథియం కొనాలంటే బరువు కాకుండా వేరే కారణం ఉండాలి.

పైగా అది బండి నుంచి కొన్ని షరతులు కోరుతుంది. నాలుగు గదుల లిథియం బ్యాటరీ ఛార్జ్ అవ్వాలంటే 14 పైన అందాలి, 14.6 దాటకూడదు. 15 దాటితే గదులు దెబ్బతింటాయి. లోపల రక్షణ సర్క్యూట్ ఉంటే అది తనను తాను తెంపేసుకుంటుంది. పర్మనెంట్ మ్యాగ్నెట్ ఆల్టర్నేటర్ ఉన్న బండి పరుగులో ఉండగా బ్యాటరీ అలా తప్పుకుంటే ఆ వోల్టేజి దెబ్బ మిగతా సామాను మీద పడుతుంది. ముప్పై ఏళ్ల నాటి రెగ్యులేటర్‌ను నమ్మి ఆ పరిస్థితి తెచ్చుకోవడం దేనికి? 13.8 దగ్గర ఆగే రెగ్యులేటర్‌తోనూ దానికి కడుపు నిండదు. చలి ఇంకో ఇబ్బంది. గడ్డకట్టే చలిలో మొదటి నొక్కుకి నీరసంగా కదులుతుంది. హెడ్‌లైట్ ఒక నిమిషం వేసి ఉంచితే లోపల కాస్త వేడెక్కి, రెండోసారో మూడోసారో లేస్తుంది. సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయడం మాత్రం దాని ఆయుష్షును తినేస్తుంది.

లేబుల్ మీద అంకె దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కొన్ని లిథియం బ్యాటరీల మీద పెద్ద అక్షరాలతో రాసేది నిజమైన ఆంపియర్ అవర్లు కాదు, ఇంత సీసపు బ్యాటరీకి సమానం అనే అంకె. సెల్ఫ్ తిప్పే బలంలో అది సమానమే కావచ్చు, కానీ లోపల నిల్వ ఉన్నది దానిలో మూడో వంతే ఉండొచ్చు. 18కి సమానం అని రాసిన దానిలో నిజంగా 6 ఆంపియర్ అవర్లే ఉన్నాయనుకుందాం. పైన లెక్క వేసిన 10 మిల్లీఆంపియర్ల చుక్కలు దాన్ని 600 గంటల్లో, అంటే 25 రోజుల్లో అడుగంటా తాగేస్తాయి. అదే చుక్కలకు 18 ఆంపియర్ అవర్ల సీసపు బ్యాటరీ పూర్తిగా ఖాళీ కావాలంటే 75 రోజులు పడుతుంది. లిథియం అంత కిందికి పోతే తేరుకోకపోవచ్చు కూడా. పైగా దాని వోల్టేజి సగం ఖాళీ అయ్యేదాకా 13.1, 13.2 దగ్గరే నిలబడి ఉంటుంది కాబట్టి మీటర్ చూసి ముందే పసిగట్టడం కష్టం.

రెగ్యులేటర్ కొత్తది, కొలిస్తే 14.2, 14.4 మధ్య నిలకడగా ఉంది, ఆపినప్పుడు కారేది ఒకటి రెండు మిల్లీఆంపియర్లే, చలి ప్రాంతం కాదు అంటే లిథియం హాయిగా పెట్టుకోవచ్చు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఏజీఎం తోనే ఉండడం తెలివైన పని.

అంకెల మాయ

ఆంపియర్ అవర్ అంటే నిల్వ. మోటార్‌సైకిల్ బ్యాటరీల మీద ఇది మామూలుగా పది గంటల లెక్కన రాస్తారు. 18 అంటే 1.8 ఆంపియర్ల చొప్పున పది గంటలు. సీసీఏ అంటే చలిలో సెల్ఫ్ తిప్పే సత్తా. అమెరికా ప్రమాణంలో మైనస్ 18 డిగ్రీల దగ్గర 30 సెకన్ల పాటు 7.2 వోల్టుల కన్నా కిందికి జారకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో ఆ అంకె. యూరప్ ప్రమాణంలో గీత 10 సెకన్లకు, 7.5 వోల్టుల దగ్గర గీస్తారు. అందుకే ఒకే బ్యాటరీకి రెండు వేర్వేరు అంకెలు కనిపించొచ్చు. ఏ ప్రమాణమో రాయని సీసీఏని ఇంకొకదానితో పోల్చి చూసి ప్రయోజనం లేదు.

కంపెనీ ఇచ్చిన సీసీఏ కన్నా తక్కువ తీసుకోకూడదు, కాస్త ఎక్కువైతే నష్టం లేదు. సెల్ఫ్ మోటారు తనకు కావలసినంతే లాగుతుంది. 1990ల బీఎండబ్ల్యూ ఆర్1100ఆర్‌టీ లాంటి బండ్లలో ఈ సత్తా తగ్గితే ఒక తమాషా జరుగుతుంది. ఇంజిన్ లేస్తుంది గానీ లేచే క్షణంలో వోల్టేజి బాగా కుంగిపోవడంతో చక్రాలు బిగుసుకోకుండా బ్రేకులను చూసుకునే ఏబీఎస్ తన పరీక్షలో తప్పుతుంది, దాని లైట్లు ఆగకుండా వెలిగి ఆరుతుంటాయి. యజమాని ఏబీఎస్ యూనిట్ పోయిందని టెన్షన్ పడతాడు. అసలు తప్పు చాలాసార్లు మూడేళ్ల నాటి బ్యాటరీది.

ఆంపియర్ అవర్లు పెంచితే రాత్రి ప్రయాణంలో అన్ని లైట్లు, వేడి జాకెట్టు నడుస్తాయని ఇంకో నమ్మకం. బీఎండబ్ల్యూ ఆర్100 ఆల్టర్నేటర్ మొత్తం ఇచ్చేది 280 వాట్లు, అదీ ఆర్‌పీఎం బాగా పెరిగినప్పుడు. హెడ్‌లైట్‌కి 60, ఇగ్నిషన్, వెనక లైటు, మీటర్ లైట్లకు కలిపి ఇంకో 60 పైన. వేడి గ్రిప్పులకు 30, జాకెట్టుకు 75. రోడ్డు మీద పరుగెడుతుంటే లెక్క సరిపోతుంది. ట్రాఫిక్‌లో ఇరుక్కుని స్లోలో ఉంటే ఆల్టర్నేటర్ ఇచ్చేది తగ్గిపోతుంది, మిగతాది బ్యాటరీ భరించాలి. పెద్ద బిందె పెట్టినంత మాత్రాన కుళాయిలో నీళ్లు ఎక్కువ రావు. పెద్ద బ్యాటరీ ఆ లోటును ఒక అరగంట ఆలస్యంగా బయటపెడుతుంది, అంతే. అక్కడ తగ్గించాల్సింది వాడకం. 546 వాట్ల గోల్డ్ వింగ్ జీఎల్1500కి, 700 వాట్ల ఆర్1100ఆర్‌టీకి ఈ బాధ తక్కువ.

కొనేటప్పుడు, పెట్టేటప్పుడు

పాత బ్యాటరీ మీది కోడ్ గుడ్డిగా నమ్మొద్దు, అంతకు ముందు ఎవరో దొరికింది పెట్టేసి ఉండొచ్చు. మాన్యువల్‌లో ఉన్న కోడే ఆధారం. యూరప్ బండ్లకు ఐదంకెల కోడ్ ఉంటుంది. 53030లో మొదటి 5 అంటే 12 వోల్టులు, వంద ఆంపియర్ అవర్లకు లోపు. తర్వాతి రెండంకెలే ఆంపియర్ అవర్లు, అంటే 30. 51913 అంటే 19. జపాన్ కోడ్‌లలో ఎల్ అనే అక్షరం ఉంటే ప్లస్ కుడివైపు. వైటీఎక్స్20-బీఎస్, వైటీఎక్స్20ఎల్-బీఎస్ రెండూ ఒకే సైజు, ఒకే బరువు, పక్కపక్కన పెడితే కవల పిల్లలే. ఆ ఒక్క ఎల్ చూడకుండా తెచ్చి, తీగలు ఎలాగో మెలితిప్పి అలవాటైన వైపే బిగించేస్తే మెయిన్ ఫ్యూజు, దానితో పాటు రెక్టిఫయర్ డయోడ్లు పోవచ్చు.

బీఎస్ అంటే యాసిడ్ సీసా విడిగా ఇస్తారని. ఆ సీసాలో ఉన్నది ఆ బ్యాటరీకి సరిపడా కొలిచి పోసినది. అది మొత్తం దిగనివ్వాలి, వేరే యాసిడ్ పోయకూడదు, మూతల పట్టీ ఒకసారి నొక్కాక మళ్లీ తెరవకూడదు. పోసిన వెంటనే బ్యాటరీ దాదాపు 80 శాతమే నిండి ఉంటుంది. చాలామంది అలాగే బండిలో పెట్టి సెల్ఫ్ కొట్టేస్తారు. బండి లేస్తుంది కూడా. కానీ మొదటిసారి పూర్తిగా ఛార్జ్ కాని బ్యాటరీ ఆ తర్వాత కూడా తన పూర్తి నిల్వకు చేరడం కష్టం. ఆంపియర్ అవర్లలో పదో వంతు కరెంటుతో, 18కి 1.8 ఆంపియర్ల చొప్పున, నిండేదాకా ఒక పూట ఛార్జర్‌కి వదిలేయాలి. ముందే నింపి సీలు చేసిన రకమైతే తయారీ తేదీ అడగాలి. షాపులోనే మీటర్ పెట్టి చూపించమనాలి. 12.5 కన్నా తక్కువుంటే చాలాకాలంగా అలమారలో పడి ఉన్న సరుకు.

1980ల నాటి యమహా వెంచర్ లాంటి కొన్ని బండ్లలో బ్యాటరీ నీటిమట్టం చూసే సెన్సర్ ఒక మూతకు బిగించి ఉంటుంది. సీల్డ్ బ్యాటరీ పెడితే ఆ తీగ గాలిలో వేలాడుతుంది, హెచ్చరిక లైటు ఆరదు. తీగను ఒక రెసిస్టర్ గుండా ప్లస్‌కి కలిపి ఆ లైటును ఊరుకోబెడతారు. బ్యాటరీ కాస్త చిన్నదైతే చుట్టూ గట్టి రబ్బరు ముక్కలు దూర్చాలి, ఎక్కడా కదలకూడదు. పొట్టిగా ఉంటే పైన పట్టీ బిగుసుకోకపోవచ్చు, ఎత్తుగా ఉంటే సీటు అడుగు లోహం టెర్మినల్‌కి తగలొచ్చు. సీటు వేసే ముందు ఒక మట్టి ముద్దో పిండి ముద్దో ప్లస్ టెర్మినల్ మీద పెట్టి సీటు నొక్కి తీస్తే మధ్యలో ఎంత జాగా ఉందో ముద్దే చూపిస్తుంది.

విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు ముందు ప్లస్. స్పానర్ జారి ఫ్రేముకు తగిలినా మెరుపు రాకుండా ఉండడానికే ఈ వరస. టెర్మినళ్లు శుభ్రంగా గీకి, బిగించాక పైన కాస్త వ్యాజలిన్ రాస్తే తెల్లటి పొడి పట్టదు. పాత బ్యాటరీని షెడ్డులో మూల పడేయకుండా కొన్నచోటే ఇచ్చేస్తే సీసం మళ్లీ కరిగించి వాడతారు.

అంతా అయ్యాక మూడు కొలతలు తీసి ఒక టేపు ముక్క మీద రాసి సీటు అడుగున అంటిస్తే మంచిది. ఒక రాత్రి ఆగాక వోల్టేజి, సెల్ఫ్ తిరిగేటప్పుడు కనిష్ఠం, 4000 ఆర్‌పీఎం దగ్గర ఛార్జింగ్, పక్కన తేదీ. రెండేళ్ల తర్వాత మళ్లీ ఎప్పుడో పొద్దున్నే ఆ టక్ వినిపించినప్పుడు అవే మూడు కొలతలు మళ్లీ తీసి పోల్చుకుంటే పోయింది బ్యాటరీయా, రెగ్యులేటరా, ఎర్త్ వైరా అన్నది షాపుకి వెళ్లక ముందే తెలిసిపోతుంది.